జావా డబ్బా మీద కుంకుమ

కొత్త బండి ఉత్తరం వచ్చి ఆరు రోజులైంది. నేనింకా ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. పోయిన వారం మనం ఆగింది అక్కడే.

ఏడాదిన్నర కింద నా చిన్నకొడుకు రాజలింగం పేరు రాయించుకున్న హీరో హోండా ఇప్పుడు వంతుకొచ్చింది. దసరా నాడు వచ్చి తీసుకుపొమ్మని షోరూం వాళ్లు రాశారు. పోకపోతే ఆ వంతు ఇంకొకరికి పోతుంది. మా చాల్‌లో అంటే వరస గదుల పాత మేడలో, మెట్ల కింద ఒక్క బండికే జాగా. కొత్తది రావాలంటే పాత జావా మోటారుసైకిలు పోవాలి.

ఆ జావా నా పెద్దకొడుకు తుకారాంది. వాడు ఇల్లు విడిచి తొమ్మిదేళ్లు. వాడు వచ్చి "నా బండేదవ్వా?" అంటే ఏం చూపించాలని నా బాధ. వాషిలో కొత్తగా లేస్తున్న ఇళ్లకు లాదీలు, నేల పలకలు పరిచే పని రాజలింగానిది. వానల్లో రెండుసార్లు ఆ జావా వాషి వంతెన మీద ఆగింది. మూడోసారి ఆలస్యమైతే ఇంకో మిస్త్రీని పెట్టుకుంటానని కంత్రాటుదారు చెప్పేశాడు. అది వాడి బాధ. ఆరు రోజులుగా మా ఒంటి గది ఖోలీలో అన్నం ముందూ ఇదే మాట, అన్నం తర్వాతా ఇదే మాట.

ఇక సద్దుల బతుకమ్మ నాటి పొద్దున సంగతి.

ఏటా మా గల్లీ ఆడవాళ్లకు బతుకమ్మ పూలు తెచ్చేది రాజలింగమే. తంగేడు, గునుగు బొంబాయిలో ఎక్కడ దొరుకుతాయి? దాదర్ బజారులో దొరికే బంతిపూలతోనే పేర్చుకుంటాం. ఆ మూటలు జావా మీద వస్తాయి. ఫోరస్ రోడ్ మలుపు తిరగ్గానే దాని చప్పుడు నాకు తెలిసిపోతుంది. రెండు సైలెన్సర్లలో కుడిదానికి గొంతు కాస్త బొంగురు. ఆ బొంగురు వినిపిస్తే చేతిలో పని వదిలి మూడో అంతస్తు, మా మాటలో మూడో మాలా, గ్యాలరీలోకి వచ్చి నిలబడతాను.

మనిషి వస్తున్నాడని నాకు ముందుగా తెలియాలి. పోయేటప్పుడు ఎటూ వీపులే కదా కనిపించేది. మిల్లుకని పోయి మళ్లీ రాని మా ఆయన వీపు, దాదర్ స్టేషన్లో రైలెక్కిన మా చెల్లె వీపు, ఈ మెట్లు దిగి అటు తిరిగిన తుకారాం వీపు. మొహాల కంటే నాకు వీపులే ఎక్కువ గుర్తు.

ఆ రోజు ఎనిమిదైనా చప్పుడు లేదు. ఎనిమిదిన్నరకు గ్యాలరీలోంచి కిందికి చూస్తే రాజలింగం బండిని చేత్తో తోసుకుంటూ వస్తున్నాడు. సీటు మీద పూల మూటలు. చొక్కా మొత్తం చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. వెనకనుంచి ఒక చెయ్యి వేసి నెడుతున్నది శంకర్రావు.

శంకర్రావుకు ఫాక్‌లాండ్ రోడ్‌లో గ్యారేజీ ఉంది. తుకారాంకు పని నేర్పిన గురువు. జావాను తీసుకుంటానన్నదీ ఆయనే.

"అత్తా, జల్దీ దిగుండ్రి!" కిందినుంచి నా కోడలు రత్నాబాయి అరిచింది. "పూలు వాడిపోతున్నయ్. మీ కొడుకు అప్పుడే వాడిపోయిండు!"

మోకాళ్లు పట్టుకుని మెట్లు దిగేసరికి శంకర్రావు తువ్వాలతో మెడ తుడుచుకుంటున్నాడు.

"ఏం వదినే, బండి చూస్తనని నేనొస్తే, నన్ను చూసి బండే సచ్చిపాయె. నాగ్‌పాడా కాడ కూసున్నది. లే అంటే లేవది."

"కాయిల్ తడిసిందేమో."

"వానెక్కడిదే అవ్వా, వారం నుంచి ఎండ కొడుతుంటే!" అన్నాడు రాజలింగం. "ఇది ముసల్దైంది. నాగ్‌పాడా కాబట్టి తోసుకొచ్చిన. ఇదే వాషి పూల్ మీదయితే?"

 నేను ఇంకోటేదో పట్టుకున్నాను. "కొత్తదానికి చప్పుడే ఉండదట గద. వచ్చింది తెల్వది, పోయింది తెల్వది."

"హారన్ ఉంటదత్తా," అంది రత్నాబాయి పూల మూట విప్పుతూ. "ఫోరస్ రోడ్ కాన్నుంచి కొట్టుకుంట రమ్మంట. చాల్ మొత్తం గ్యాలరీలకు రావాలె."

అందరూ నవ్వారు. నేనూ నవ్వానేమో. కానీ నా చెయ్యి అప్పటికే బండి సీటు మీద ఉంది.

"సరే, ముచ్చట్లు చాలు," అన్నాడు శంకర్రావు. "కాగితాలు తియ్యుండ్రి. ఆర్.సి. బుక్కేది?"

"అన్న తీస్కపోయిండు గద కాకా," అన్నాడు రాజలింగం. "జెరాక్స్ చూపిచ్చి ఇన్నేండ్లు నెట్టుకొచ్చిన."

నాకు లోపల చల్లగా అనిపించింది. దాచుకోలేకపోయాను. "మరి కాగితాలే లేకుంటే అమ్ముడెట్లయితది? దేవుడే వద్దంటుండు."

శంకర్రావు నన్ను చూడలేదు. వంగి, సీటు కింద కుడివైపు చూశాడు. "ఈ డబ్బాల చూసిన్రా?"

ఆ డబ్బా గురించి చెప్పాలి. జావాకు పానాలు పెట్టుకునేందుకు పక్కన చిన్న రేకు డబ్బా ఉంటుంది, తాళంతో. మా ఇళ్లల్లో దసరాకు పనిముట్లన్నీ బయటకు తీసి, కడిగి, బొట్టు పెట్టి పూజ చేస్తాం. తాపీ పనివాడి ఇంట్లో తాపీ, వడ్రంగి ఇంట్లో రంపం. తుకారాం ఏటా డబ్బాలోని పానాలన్నీ పాత దుప్పటి మీద పరిచి, కిరసనాయిలుతో తుడిచి, ఒక్కోటి నా ముందు పెట్టేవాడు. ఒక్కోదానికి నేను బొట్టు పెట్టేదాన్ని. "ఈ చిన్న పానాకు చిన్న బొట్టవ్వా, దిష్టి తగుల్తది" అనేవాడు.

వాడు దసరాకు నాలుగు రోజుల ముందు ఇల్లు విడిచాడు. ఆ ఏడు డబ్బా తెరవనివ్వలేదు నేను. మూత మీదే పసుపు రాసి, కుంకుమ పెట్టి, దండ వేశాను. మరుసటి ఏడూ అంతే. ఆ తర్వాత అదే ఆచారమైపోయింది. తొమ్మిదేళ్ల కుంకుమ పొర మీద పొర కట్టి, తాళం సందు కూడా పూడుకుపోయింది. చాల్‌కు కొత్తగా వచ్చిన కోడళ్లు అదేదో మా ఇంటి దేవుడనుకుని మొక్కి పోయేవాళ్లు. రాజలింగం తన పానాలు రెక్సిన్ సంచిలో వేసుకుని తిరిగేవాడు.

"దాని చెవి లేదు," అన్నాను. "వాడే తీస్కపోయిండు."

"చెవి లేకుంటే ఉలి లేదా?" అన్నాడు శంకర్రావు. సంచిలోంచి ఉలి, సుత్తె తీశాడు.

నేను అడ్డంగా నిలబడ్డాను. "దాని మీద చెయ్యి పడొద్దు."

"అవ్వా, పక్కకు జరుగు," అన్నాడు రాజలింగం.

"పూజ చేసిన డబ్బారా అది!"

"పానాల డబ్బా అవ్వా అది! దేవుడు కాదు." వాడి గొంతు పెరిగింది. వాడు నా మీద గొంతు పెంచడం అదే మొదటిసారి. "తొమ్మిదేండ్ల సంది చూస్తున్న. చప్పుడినంగనే గ్యాలరీలకు ఉరుకొస్తవు. బండి ఆపి నేను తల ఎత్తి చూడంగనే నీ మొహం దిగిపోతది. రోజూ దిగిపోతది. వచ్చింది అన్న కాదు, నేను. నేను గూడ నీ కొడుకునే గద!"

పూలు గుచ్చుతున్న రత్నాబాయి చేతులు ఆగిపోయాయి.

"గట్లేం లేదు," అన్నాను. నాకే వినిపించనంత మెల్లగా.

"ఎల్లగొట్టింది నువ్వే. ఎల్లగొట్టి, వాని బండిని కట్టేసుకుంటే వాడొస్తడా?"

అవును, నేనే. ఇన్ని వారాలుగా ఈ కథలో ఆ సంగతి చుట్టూ తిరుగుతూ వచ్చాను, దాని దగ్గరికి మాత్రం పోలేదు. తుకారాం పెళ్లి చేసుకుంటానన్న పిల్ల అంజమ్మ. పాలమూరు నుంచి కూలికి వచ్చి, మట్టి తట్టలు మోసే ఇంటి పిల్ల. ఒకరోజు వాడు ఆమెను మా గడప దాకా తీసుకొచ్చాడు. జుట్టంతా సిమెంటు దుమ్ము. "తట్ట మోసేదాన్ని నా ఇంట్లకు తేకు. దాన్ని తెస్తే నువ్వు గూడ నా గడప తొక్కకు" అన్నాను. ఆ పిల్ల వినేట్టుగానే అన్నాను. మా నాయనమ్మ ఈ నగరంలో రాళ్ల తట్టలు మోసీ మోసీ, నెత్తి మీద వెంట్రుకలన్నీ ఊడగొట్టుకుంది. అది నాకు గుర్తు రాలేదు. మూడు తరాలుగా ఇక్కడుంటే, నిన్న వచ్చినవాళ్లు మనకంటే తక్కువని ఎందుకో అనిపిస్తుంది.

"కొట్టు కాకా," అన్నాడు రాజలింగం.

శంకర్రావు ఉలి ఆనించి ఒక్క దెబ్బ వేశాడు. ఎండిన కుంకుమ పెళ్లలు రాలి నేల మీద పడ్డాయి. పగిలిన కొబ్బరిచిప్ప లోపలి నుంచి పెచ్చులూడినట్టు ఒక్కో ఏడూ ఊడి పడింది. ఆయన రెండో దెబ్బకు సుత్తె ఎత్తాడు.

"ఆగు!"

నా గొంతు నాకే కొత్తగా ఉంది. నడుముకు దోపుకున్న ఆకువక్కల తిత్తి తీశాను. పళ్లతో ముడి విప్పాను. వక్కపలుకుల అడుగున, సున్నపుకాయ పక్కన, చిన్న ఇత్తడి తాళంచెవి.

"పగలగొట్టకు. నా దగ్గరున్నది."

శంకర్రావు సుత్తె దించాడు. 

"అత్తా..." అంది రత్నాబాయి.

"ఎప్పటి సంది?" అన్నాడు రాజలింగం.

"వాడు పోయిన నాడే. బండి చెవితోని కలిపి గోడకున్న మొలకు తగిలించిపోయిండు. బండి చెవి నీకిచ్చి, ఇది నేను తీసుకున్న."

"ఆకువక్కల తోటి మోసుకొని తిరుగుతున్నవా? తొమ్మిదేండ్లు?"

"వాడు మూసిండు, వాడొచ్చే తెరవాలె అనుకున్నరా. మనం తెరిస్తే ఇంక వాడు రావుడుండదేమోనని భయమైంది."

రాజలింగం నోరు తెరిచాడు. ఏదో గట్టిగా అంటాడనుకున్నాను. వాడు నా చేతిలోని చెవి వైపు చూసి, తల పక్కకు తిప్పి, మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత నా మోచెయ్యి పట్టుకుని బండి పక్కన మెల్లగా కూర్చోబెట్టాడు. "నువ్వే తియ్యి."

శంకర్రావు తాళం సందులో రెండు చుక్కలు నూనె వేశాడు. చెవి సగం దూరి ఆగింది. మళ్లీ నూనె. మూడోసారికి లోపల ఏదో కదిలి, మూత ఊడి నా ఒళ్లో పడింది.

ముందు వాసన వచ్చింది. గ్రీజు, కిరసనాయిలు, తుకారాం చొక్కాల వాసన. పానాలు గుడ్డలో చుట్టి ఉన్నాయి. వాటి వెనక మందపు ప్లాస్టిక్ సంచి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి. అందులో ఆర్.సి. బుక్కు. బండిని ఇంకొకరి పేరు మీదికి మార్చే కాగితం. కింద తుకారాం సంతకం. నోటుబుక్కులోంచి చింపిన ఒక పేజీ.

రాజలింగం ఆ పేజీని అటూ ఇటూ తిప్పాడు. "తెలుగుల ఉన్నదవ్వా. నాకు రాదు గద."

నిజమే. తుకారాం మునిసిపాలిటీ తెలుగు బడిలో చదివాడు. రాజలింగం వేళకు ఆ బడిలో పిల్లలు తగ్గిపోయి, వాణ్ని మరాఠీ బడిలో వేశాం. ఇక నేను, తుకారాం ఒకటో తరగతి పుస్తకం పొయ్యి పక్కన పెట్టుకుని, వాడు దిద్దిన అక్షరాల మీదే వేలు పెట్టి నేర్చుకున్నదాన్ని. మా ఇంట్లో ఆ కాగితం చదవగలిగేది నేనొక్కదాన్నే. అది వాడికీ తెలుసు.

వేలు పెట్టి చదివాను. పైకే చదివాను.

"అవ్వా, డబ్బా కడిగేనాడు నీకు దొరుకుతదని ఇది ఇందుల పెడుతున్న. ఎవరితోనన్న పంపితే చదవకుంటనే చింపుతవు. దసరాకు పానాలు తీయకైతే ఉండవు గద. బండి రాజలింగానికి. సంతకం పెట్టిన. నడిచినన్ని దినాలు నడుపుకోమను. ముసల్దైతే ఇచ్చేసి మంచిది తెచ్చుకోమను. నాది అని దాచిపెట్టొద్దు. నేను ధారావిల కుంభార్‌వాడ వెనక పాలమూరోళ్ల గల్లీల ఉంట. అంజమ్మ ఖోలీ అంటే చెప్తరు. గడప తొక్కొద్దన్నవు, తొక్క. నువ్వే రా. దసరా నాడు ఏడికీ పోను. ఇంట్లనే కూసుంట. నువ్వొస్తే చేతుల జమ్మి పెట్టి కాళ్లు మొక్కుత."

కింద సంతకం. 'తు' కొమ్ము ఎప్పటిలాగే పొడుగ్గా కిందికి లాగాడు. ఎన్నిసార్లు చెప్పినా అంతే.

నాలుగు రోజుల్లో దొరుకుతుందని పెట్టాడు వాడు. తొమ్మిది దసరాలు కూర్చున్నాడా? అవ్వకు ఇంకా కోపం తగ్గలేదనుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడా? నేనేమో ఇక్కడ, ఆ ఉత్తరం మీదే ఏటా పసుపు రాసి, దండ వేసి, వాణ్ని తోలుకొని రమ్మని ఆ డబ్బాకే మొక్కాను.

రత్నాబాయి నా వీపు నిమురుతోంది. ఏడుపు రాలేదు నాకు. భయం కూడా రాలేదు. అదే వింతగా ఉంది.

"రాజలింగం," అన్నాను. "దసరా నాడు పోయి కొత్త బండి తెచ్చుకో."

వాడు నన్నే చూస్తున్నాడు.

"తెచ్చుకో కొడకా. చప్పుడు లేకుంటే లేకపాయె. నువ్వొచ్చే యాళకు గ్యాలరీల ఉంట. నీకోసమే ఉంట. గని దీన్ని ఇచ్చే ముందుగాల, దీని మీదనే నన్ను ధారావికి తీస్కపో."

"ఇయ్యాల్నా?"

"ఇప్పుడే."

శంకర్రావు బండి పేరు మార్చే కాగితం ఎత్తి చూశాడు. "ఎట్లయినా పోవాల్సిందేలే వదినే. ఈ సంతకం పాతబడ్డది. ఆఫీసుల చెల్లదు, వాడొచ్చి మల్ల పెట్టాల్సిందే." ఆగి, మెడ గోక్కున్నాడు. "గని ఇయ్యాల్నే ఎందుకు? పండుగ పూట. జర చాయ్ తాగుండ్రి, రేపు పోవచ్చు."

ఆయన మాటలో ఏదో తడబాటు ఉంది. అప్పుడు పట్టించుకోలేదు.

"చాయ్ వచ్చినంక తాగుత. బండి లేపు."

ఆయన డబ్బాకు మూత పెట్టి, ప్లగ్గు విప్పి, తుడిచి, బిగించాడు. రాజలింగం ఆరుసార్లు కిక్కు కొడితే ఏడోదానికి లేచింది. "ధారావి దాక పోతది," అన్నాడు శంకర్రావు. "తిరిగొచ్చే సంగతి నన్నడగకుండ్రి." గ్యారేజీ మూసి దాదర్‌లో సామాను తెచ్చుకోవాలంటూ ఆయన అటు పోయాడు.

రత్నాబాయి పూల తట్ట నెత్తికెత్తుకుని పోచమ్మ గుడి దగ్గరికి నడిచింది. గల్లీ ఆడవాళ్లంతా అక్కడే బతుకమ్మ పేరుస్తారు. నేను పైకి పోయి ఖోలీకి తాళం వేశాను. రెండుసార్లు గుంజి చూశాను. చెవి తిత్తిలో వేసుకున్నాను. అది నా అలవాటు.

అరవై నాలుగేళ్లకు మొదటిసారి ఆ బండెక్కాను. పక్కకు తిరిగి కూర్చుని, రాజలింగం చొక్కా రెండు చేతులా పట్టుకున్నాను.

"భయమైతుందా అవ్వా?"

"ముందు చూసి నడుపు."

నాగ్‌పాడా దాటాం, బైకుల్లా దాటాం. గాలికి కొంగు ఎగిరిపోతుంటే నోట కరిచి పట్టుకున్నాను. దాదర్‌లో రోడ్డంతా బంతిపూల రెక్కలు. ఎదురుగా రాజలింగం వీపు. వాడి వీపు ఇంత వెడల్పయిందని నాకు ఇన్నాళ్లూ తెలియదు. చెమట వాసన, దాదర్ పూల వాసన. ఈ వీపు నన్ను వదిలి ఎటూ పోవడం లేదు. నా ముక్కుకు తగులుతోంది. నేనూ దాని వెంటే పోతున్నాను.

ధారావిలో కుమ్మరి బట్టీల పొగ దాటాక గల్లీ ఇరుకైంది. ఒక మలుపు, రెండో మలుపు. అక్కడ నీళ్ల కొళాయి పక్కన ఆడవాళ్లు చాపలు పరిచి బతుకమ్మలు పేరుస్తున్నారు. మా గల్లీలాగే, అవే బంతిపూలు. పాలమూరు మాట గలగలా వినిపిస్తోంది.

జావా చప్పుడుకు ఒకామె మాత్రం చటుక్కున లేచి నిలబడింది. ఒళ్లోని పూలన్నీ జారి నేల మీద పడ్డాయి. ఆమె మా మొహాలు చూడలేదు. బండినే చూసింది. కుడి సైలెన్సర్ని చూసింది. తర్వాత పానాల డబ్బాను చూసింది. మూత మీద కుంకుమ ఊడి, రేకు కనిపిస్తోంది.

కణతల దగ్గర జుట్టు నెరిసింది. అయినా పోల్చుకున్నాను. ఆ రోజు సిమెంటు దుమ్ము, ఈ రోజు నెరిసిన వెంట్రుకలు.

రాజలింగం బండి ఆపాడు. నేను దిగాను. 

అంజమ్మే ముందు మాట్లాడింది. "చిట్టీ దొరికిందా?"

"ఇయ్యాల్నే," అన్నాను. "గంట కింద. నేనే తెరవలేదు బిడ్డా. నాదే తప్పు. ఆ నాడు అన్న మాట గూడ..."

"అది తర్వాత జెప్పు అత్తమ్మా." నన్ను అత్తమ్మ అంది. కానీ ఆమె మొహంలో ఇంకేదో తొందర ఉంది. "ఆయన లేడు."

నా చెయ్యి రాజలింగం భుజాన్ని వెతుక్కుంది.

"అయ్యో, గట్ల గాదు! మంచిగున్నడు. మీ కాడికే పోయిండు." అంజమ్మ గబగబా చెప్పింది. "బండి ఇచ్చేస్తున్నరని శంకర్రావు కాక పోయినవారం జెప్పిండు. కాకకు మేమీడున్నది ఎప్పటినుంచో ఎరుకనే. మీ అంతట మీరు డబ్బా తీసేదాక చెప్పొద్దని ఒట్టేయించుకున్నడు ఈయన. దసరాకు ఎప్పుడూ కదలడు గద, అందుకే ముందుగాల్నే పోయి, మెట్ల కింద ఉన్న బండిని దూరంకెల్లి ఒక్కపారి చూసొస్తనని ఇందాకనే బస్సెక్కిండు."

ఇందాక శంకర్రావు మాట తడబడింది ఇందుకేనన్నమాట. దూరం నుంచి ఒక్కసారి. నాకు మా చాల్ కళ్లకు కట్టింది. మెట్ల కింద జాగా ఖాళీ. నేల మీద రాలిన కుంకుమ పెళ్లలు. మూడో మాలా మీద తలుపుకు తాళం. శంకర్రావు లేడు, రత్నాబాయి లేదు.

"బండి పోయింది, అవ్వ తలుపు మూసుకున్నది అనుకుంటడు," అన్నాను. "ఈసారి అటు తిరిగితే..."

"తిరగనియ్యం," అన్నాడు రాజలింగం. అప్పటికే కిక్కు కొడుతున్నాడు. ఒకటి. రెండు. నాలుగు. జావా దగ్గింది. ఆగింది. మళ్లీ కొట్టాడు. ఆ దగ్గూ లేదు.

నేను తిత్తిని గుప్పిట్లో బిగించాను. లోపల ఖోలీ తాళంచెవి గుచ్చుకుంది.

అంజమ్మ వంగి, కొంగు నడుముకు బిగించి దోపింది. నన్నొకసారి చూసింది. "అత్తమ్మా, అటుపక్క పట్టు. నూకుదాం."

బండి వెనక ఆమె ఒక చెయ్యి, నేనొక చెయ్యి వేశాం. ఆమె వేళ్లకు బంతిపూల పసుపు, నా వేళ్లకు తొమ్మిదేళ్ల కుంకుమ. రాజలింగం గేరు వేసి ముందుకు వంగాడు. బతుకమ్మల మధ్యనుంచి ఆడవాళ్లు లేచి దారి ఇచ్చారు.

"ఒకటి," అంది అంజమ్మ. "రెండు..."

చక్రం కదిలింది.